రాయగడ నుంచి హైదరాబాద్‌కి అయిదు పిల్లులతో ఇల్లు మారుతున్నాం, దారి చెప్పండి

నాగావళి_గట్టు (రాయగడ, ఒడిశా)
ఏప్రిల్ 18, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మావారు మే 31న రిటైర్ అవుతున్నారు. క్వార్టర్ ఖాళీ చేసి హైదరాబాద్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాం. మియాపూర్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్. సామాన్ల సంగతి లారీవాళ్ళు చూసుకుంటారు. నా దిగులంతా పిల్లుల గురించే.

ఇంట్లో నాలుగు ఉన్నాయి. గౌరికి తొమ్మిదేళ్ళు, చిట్టి దాని కూతురు. సున్నం తెల్లది, ఒట్టి పిరికిది. బంగారం మగపిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, కాస్త లావు. అయిదోవాడు నల్లోడు. వాడు ఇంట్లోకి రాడు. నాలుగేళ్ళుగా పెరట్లో జామచెట్టు కింద పొద్దునా సాయంత్రం తిని వెళ్ళిపోతాడు. తింటున్నప్పుడు తల నిమరనిస్తాడు, అంతకుమించి చెయ్యి పడనివ్వడు. వాణ్ణి వదిలి వెళ్ళడానికి మనసు ఒప్పడం లేదు. తీసుకెళ్తే బతుకుతాడో లేదో తెలియడం లేదు.

దాదాపు 800 కిలోమీటర్లు, అదీ జూన్ మొదటి వారం ఎండల్లో. రైలా, కారా? మందిచ్చి నిద్రపుచ్చాలా? మీలో ఎవరైనా ఇలా వెళ్ళి ఉంటే చెప్పండి.

బరంపురం_చిన్నోడు (బరంపురం)
ఏప్రిల్ 18, రాత్రి 10:15

అక్కా, మా ఇంట్లో ఒక పిల్లిని బస్సులో ఇచ్ఛాపురం తీసుకెళ్ళినప్పుడు మనం అలర్జీకి వేసుకునే ఎవిల్ మాత్ర అర వేశాం. మత్తుగా పడుకుంది. మీరూ అలా చేస్తే దారి పొడుగునా గొడవ ఉండదు.

పర్లాకిమిడి_పశువైద్యుడు (పర్లాకిమిడి)
ఏప్రిల్ 19, ఉదయం 6:50

తమ్ముడూ, మంచి మనసుతోనే చెప్పారు, కాని ఆ పని మళ్ళీ చేయకండి. మనుషుల మాత్రలు అంచనా మీద పిల్లికి వేయకూడదు. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి దాని కాలేయానికి లేదు. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

అమ్మా, ప్రయాణాల్లో భయం తగ్గించడానికి మేము ఎక్కువగా రాసేది గాబాపెంటిన్. బరువు చూసి మోతాదు నిర్ణయించాలి, బయల్దేరడానికి రెండు గంటల ముందు ఇవ్వాలి. రాయించుకున్న మందే కొనండి. మందుల షాపుల్లో గాబాపెంటిన్‌తో నార్ట్రిప్టిలిన్, మిథైల్‌కోబాలమిన్ లాంటివి కలిపిన మాత్రలు ఎక్కువగా దొరుకుతాయి. అట్ట మీద పేరు చదివి, విడి మందు అయితేనే తీసుకోండి. ప్రయాణానికి వారం ముందు ఇంట్లో ఒకసారి వేసి చూడండి. కొన్నిటికి కాళ్ళు తడబడతాయి, కొన్నిటికి అసలు పని చేయదు. అది నడిరోడ్డు మీద తెలియకూడదు. గౌరికి తొమ్మిదేళ్ళంటున్నారు కాబట్టి మందు వేయడానికి ముందు కిడ్నీ పరీక్ష చేయించండి.

టీకాల పుస్తకం కూడా తీసి చూడండి. రేబీస్ టీకా మొదటిసారి వేయిస్తుంటే ప్రయాణానికి కనీసం 21 రోజుల ముందు పడాలి. బయల్దేరే ముందు ఆరోగ్య సర్టిఫికెట్ రాయించుకోండి. 1978 నాటి జంతువుల రవాణా నియమాల్లో కుక్కలకూ పిల్లులకూ ఒక అధ్యాయమే ఉంది. రైలైనా రోడ్డైనా ఆ సర్టిఫికెట్ దగ్గర ఉండాలి.

ధర్మాబాద్_పావని (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)
ఏప్రిల్ 19, ఉదయం 11:05

పెంపుడు జంతువుల్ని చేరవేస్తామనే ఒక కంపెనీకి మా రెండింటినీ అప్పగించాను. ఏసీ వ్యాన్ అన్నారు, వచ్చింది మామూలు వ్యాన్. పూణే చేరేసరికి రెండూ మూత్రంలో తడిసి, నోళ్ళు తెరుచుకుని రొప్పుతున్నాయి. పిల్లి కుక్కలా నోరు తెరిచి రొప్పిందంటే వేడి దెబ్బ దగ్గరపడినట్టని అక్కడి డాక్టర్ చెప్పారు. రెండూ బతికాయి. వదినా, ఎంత కష్టమైనా మీ చేతులతో మీరే తీసుకెళ్ళండి.

గుణుపురం_మాస్టారు (గుణుపురం)
ఏప్రిల్ 19, సాయంత్రం 5:30

రైలు సంగతి నేను చెప్తాను. ఫస్ట్ ఏసీలో కూపే (ఇద్దరి గది) గానీ క్యాబిన్ (నలుగురి గది) గానీ మొత్తం మీ టికెట్లతోనే నిండితే పిల్లుల్ని వెంట ఉంచుకోవచ్చు. పార్సిల్ ఆఫీసులో బుక్ చేయించి రసీదు తీసుకోవాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్లలో కుదరదు, పట్టుబడితే జరిమానా. మిగిలిన దారి బ్రేక్ వ్యాన్‌లో, అంటే గార్డు పెట్టెలో, ఉండే డబ్బా. జూన్‌లో ఆ డబ్బాలో పిల్లుల్ని పెట్టే ఆలోచనే వద్దు. విశాఖ వెళ్ళి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఫస్ట్ ఏసీ తీసుకోవచ్చు, కాని కూపే మీకే వస్తుందని చార్ట్ తయారయ్యేదాకా నమ్మకం ఉండదు. ఇద్దరు మనుషులు, అయిదు బుట్టలు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద ఆ చార్ట్ కోసం నిలబడలేరు. కారే మేలు.

నల్లోడి విషయంలో మాత్రం నాది వేరే మాట. కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది అని మా అమ్మ అనేది. పెరటి పిల్లిని నాలుగో అంతస్తులో పెట్టడం న్యాయమా? పక్క క్వార్టర్ వాళ్ళకి అప్పగించి, నెలనెలా తిండికి డబ్బు పంపండి.

బల్లార్షా_లక్ష్మి (బల్లార్షా, చంద్రపూర్ జిల్లా)
ఏప్రిల్ 19, రాత్రి 11:20

మాస్టారూ, మీ మాట కాదనలేను, కాని పక్కింటివాళ్ళు కూడా రేపు బదిలీ మీద వెళ్ళిపోతారు కదా. కాలనీల్లో మన తర్వాత ఎవరుంటారో ఎవరికి తెలుసు?

అక్కా, నా అనుభవం చెప్తాను, కాస్త పొడుగు. మావారు గనుల్లో పని చేసేవారు. మూడేళ్ళ కింద ముగ్గురు పిల్లుల్ని కారులో పెట్టుకుని బల్లార్షా నుంచి విశాఖ బయల్దేరాం. రాజురా, ఆసిఫాబాద్ దాటి మంచిర్యాల దగ్గర ఒక ధాబా ముందు ఆగాం. మా మున్నీ అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. దాహం వేస్తుందేమోనని బుట్ట మూత జానెడు తెరిచాను. అదే క్షణంలో అవతలి వైపు మా పాప దిగడానికి తలుపు తీసింది. నా మణికట్టు మీంచి ఒక బరువు జారినట్టు తెలిసింది, అంతే. తిరిగి చూసేసరికి నిలబెట్టిన లారీల కింద తోక కనబడి మాయమైంది.

మావారు సామాన్లతో ముందుకు వెళ్ళారు. నేనూ పాపా ఆ ఊళ్ళోనే లాడ్జి తీసుకున్నాం. పగలంతా పేరు పెట్టి పిలుస్తూ తిరిగితే ప్రయోజనం లేకపోయింది. రెండో రోజు ధాబా యజమాని ఒక మాట అన్నాడు: "అమ్మా, అది ఎక్కడికీ పోదు. భయపడ్డది ఇక్కడే నక్కి ఉంటది. మీరు అరిస్తే ఇంకా లోపలికి పోతది." ఆ రాత్రి నేను రెండు రోజులుగా కట్టుకున్న చీర, మున్నీ వాడిన లిట్టర్ (మలమూత్రాల ట్రేలో పోసే మట్టి) గుప్పెడు, ధాబా వెనక గోడ దగ్గర పెట్టి నేల మీద కూర్చున్నాం. మూడో రాత్రి రెండు గంటలకి టార్చి నేల బారుగా వేస్తే, పాత టైర్ల సందులో రెండు కళ్ళు పచ్చగా మెరిశాయి. పిలవలేదు. చెయ్యి చాపి నేల మీద పెట్టాను. అరగంటకి వచ్చి నా వేళ్ళు వాసన చూసింది.

అందుకే చెప్తున్నాను. కారు తలుపులూ అద్దాలూ అన్నీ మూసి ఉంటే తప్ప ఏ బుట్టా తెరవకండి. తలుపు తీసే ముందు "బుట్టలు మూసున్నాయా" అని గట్టిగా అడిగి, జవాబు వచ్చాకే తీయండి. ప్రతి బుట్ట తలుపుకీ ఒక జిప్ టై (బిగిస్తే జారని ప్లాస్టిక్ పట్టీ) వేయండి. మెడ పట్టీకి ఫోన్ నంబర్ రాయండి, ఆ పట్టీ ఎక్కడైనా తగులుకుంటే దానంతట అదే ఊడిపోయే రకం అయి ఉండాలి.

నాగావళి_గట్టు
ఏప్రిల్ 20, ఉదయం 7:10

లక్ష్మీ, రాత్రి మీ పోస్టు చదివి నిద్ర పట్టలేదు. జిప్ టైలు ఇవాళే తెప్పిస్తాను. రైలు ఆలోచన మానేశాం, కారే. ఇక్కడ హాటులో, అంటే సంతలో, వెదురు బుట్టలు బాగా దొరుకుతాయి, అవి పనికొస్తాయా? రెండేసి పిల్లుల్ని ఒక్క బుట్టలో పెట్టొచ్చా? గౌరీ చిట్టీ ఎప్పుడూ కలిసే పడుకుంటాయి.

పర్లాకిమిడి_పశువైద్యుడు
ఏప్రిల్ 20, మధ్యాహ్నం 2:00

వెదురు బుట్ట వద్దమ్మా. భయపడ్డ పిల్లి గోళ్ళతో అల్లిక విప్పేస్తుంది. గట్టి ప్లాస్టిక్ క్యారియర్, పైనుంచి కూడా తెరుచుకునేది కొనండి. తల్లీకూతుళ్ళయినా సరే ఒక్కోదానికి ఒక్కోటి. భయంలో పిల్లి పక్కనున్నదాని మీద పడుతుంది. ఆ గొడవ తర్వాత నెలల తరబడి ఒకదాన్ని చూసి ఒకటి బుసలు కొట్టడం నేను చూశాను.

క్యారియర్లు ఇప్పుడే కొని తలుపులు తీసి హాల్లో పడేయండి, అందులోనే అన్నం పెట్టండి. ఆసుపత్రికి వెళ్ళే రోజున మాత్రమే అటక మీంచి దిగే డబ్బా అంటే పిల్లికి హడలు. నెల రోజులు అందులో తిని నిద్రపోయినదానికి అది సొంత గది అవుతుంది. మీరు వాడిన పాత చీర పరచండి, ఉతకవద్దు.

నల్లోడి గురించి మీరిద్దరూ చెప్పినదాంట్లో నిజం ఉంది. నిర్ణయం వాడికే వదిలేద్దాం. అయిదో క్యారియర్ జామచెట్టు కింద పెట్టి అందులోనే తిండి పెట్టండి. మే పదో తారీఖు లోపల వాడంతట వాడు లోపలికి వెళ్ళి, తలుపు వేసినా పిచ్చెత్తిపోకపోతే వాడు రాగలడు. వాడికి ఆపరేషన్ కాలేదు కాబట్టి ప్రయాణానికి కనీసం మూడు వారాల ముందు చేయించాలి. లేకపోతే కొత్త ఇంట్లో గోడగోడకీ మూత్రం చిమ్ముతాడు. అప్పుడే రక్తంలో ఎఫ్‌ఐవీ, ల్యుకేమియా వైరస్ పరీక్షలు కూడా చేయించండి, అవి ఒక పిల్లి నుంచి ఇంకోదానికి అంటుకునే జబ్బులు. అవి తేలకుండా మిగతా నాలుగింటితో కలపకండి.

గుణుపురం_మాస్టారు
ఏప్రిల్ 20, రాత్రి 8:15

డాక్టర్‌గారి మాట సబబుగా ఉంది. వాడు క్యారియర్ ఎక్కితే తీసుకెళ్ళండి. ఎక్కకపోతే నాకు చెప్పండమ్మా. గుణుపురం నుంచి రాయగడ నేను తరచూ వస్తుంటాను. వాడికి తిండి పెట్టే మనిషిని నేనే చూసి, వచ్చినప్పుడల్లా వాకబు చేస్తాను.

నాగావళి_గట్టు
మే 9, సాయంత్రం 6:30

ఇవాళ ఎక్కాడు!

రెండు వారాలకు పైగా క్యారియర్ బయట నిలబడి మెడ చాచి తిన్నాడు. మొన్న ముందు కాళ్ళు రెండూ లోపల పెట్టాడు. ఇవాళ ఎండు నెత్తళ్ళు లోపలి చివర వేశాను. వాసనకి లోపలికంటా వెళ్ళి తిని, అక్కడే చీరని ముందు పాదాలతో రెండుసార్లు పిసికి కూర్చున్నాడు. తలుపు దగ్గరికి వేసి నిమిషం ఉంచాను. నా వైపు చూశాడు, అరవలేదు. మళ్ళీ తీశాను. ఏడుపొచ్చేసింది నాకు.

12న విశాఖలో ఆపరేషన్‌కీ పరీక్షలకీ టైమ్ తీసుకున్నాం.

బరంపురం_చిన్నోడు
మే 9, రాత్రి 7:02

అక్కా, చాలా సంతోషం. మాత్ర గురించి అలా రాసినందుకు అందరూ క్షమించండి. మా ఇంట్లో కూడా ఇప్పుడు మూడు పిల్లులున్నాయి. జూలైలో నాకు బెంగళూరు ఉద్యోగం. ఈ చర్చంతా కాగితం మీద రాసుకుంటున్నాను.

ధర్మాబాద్_పావని
మే 26, మధ్యాహ్నం 1:40

వదినా, సర్దడం మొదలుపెట్టి ఉంటారు. బీరువాల్లో బట్టల మధ్య కలరా ఉండలు వేసే అలవాటుంటే ఈసారి మానేయండి. అవి పిల్లులకి విషం. కొత్త ఫ్లాట్‌లో కూడా ఫినాయిల్‌తో తుడిపించొద్దని మీ అబ్బాయికి ముందే చెప్పండి. నేల మీద నడిచి, ఆ పాదాలే నాకుతాయి కదా. ఒక పక్కన సర్దుతుంటేనే అవి కాలు కాలిన పిల్లుల్లా తిరుగుతాయి. ఒక గది మాత్రం చివరిదాకా కదపకుండా ఉంచి, లారీ వచ్చిన రోజు అన్నిటినీ అందులో పెట్టి తాళం వేయండి. మా ఇంట్లో కూలీలు తెరిచిన తలుపులోంచే ఒకటి వెళ్ళిపోయింది, సాయంత్రానికి గానీ దొరకలేదు.

బల్లార్షా_లక్ష్మి
మే 30, రాత్రి 9:00

అక్కా, వాడిన లిట్టర్ ఒక డబ్బాడు మూటగట్టి తీసుకెళ్ళండి. కొత్త ట్రేలో పైన చల్లితే అవి వెతుక్కోవు. టాక్సీ అయితే ఒడిశా నంబరుకి ఆంధ్రా, తెలంగాణ పర్మిట్ ఉందో లేదో ముందే అడగండి. ఏసీ బండిని చెక్‌పోస్టులో గంట ఆపితే ఆ ఎండలో మీరూ పిల్లులూ ఏమైపోతారు? క్షేమంగా చేరి రాయండి.

నాగావళి_గట్టు (ఇప్పుడు మియాపూర్)
జూన్ 8, రాత్రి 10:30

చేరాం. అయిదుగురూ క్షేమం. ఎవరికైనా పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

జూన్ 3న తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరాం. ముందు రాత్రి తొమ్మిది తర్వాత ఎవరికీ తిండి పెట్టలేదు, నీళ్ళు మాత్రం ఉంచాను. ఒంటిగంటన్నరకి మందు. వెనక సీటు మీద మూడు, కింద కాళ్ళ దగ్గర రెండు, అన్నిటికీ బెల్టులు, పైన పల్చటి దుప్పటి. కనపడకపోతే నెమ్మదిస్తాయని డాక్టర్‌గారు ఫోన్‌లో చెప్పారు. నిజమే. తెల్లారకముందే పార్వతీపురం దాటాం. బొబ్బిలిదాకా సున్నం ఒకటే ఏడుపు. డ్రైవర్ ఒడియా అబ్బాయి. "బిలెయి కాందుచి" (పిల్లి ఏడుస్తోంది) అంటూ తనే పాటలు ఆపేసి, మలుపుల్లో బండి మెల్లగా నడిపాడు. విజయనగరం వచ్చేసరికి కార్లో చప్పుడు లేదు. గౌరి నోటి నుంచి నురగ కారుతోంది. కారు కుదుపుకి పడని పిల్లులకి అలా వస్తుందని ముందే తెలుసు కాబట్టి హడలిపోలేదు, గుడ్డతో తుడిచాను.

ఆనందపురం దగ్గర విశాఖ ఊళ్ళోకి పోకుండా బైపాస్ పట్టుకుని అనకాపల్లిలో తేలాం. టీకి ఆగినప్పుడల్లా మాలో ఒకరం ఏసీ నడుస్తున్న కార్లోనే కూర్చున్నాం. ఒక్క బుట్టా తెరవలేదు. తలుపు తీసే ముందు లక్ష్మి చెప్పినట్టే "మూసున్నాయా" అని అడిగాం, మూడోసారి నుంచి డ్రైవరే అడగడం మొదలుపెట్టాడు. పన్నెండుకి రాజమండ్రి.

లాడ్జికి పది రోజుల ముందే ఫోన్ చేసి పిల్లులున్నాయని చెప్పి ఒప్పించాను. అయినా గదిలోకి వెళ్ళగానే మంచం కింద చూస్తే పరుపు అడుగు గుడ్డ చిరిగి ఉంది. పిల్లి అందులో దూరితే మంచం విప్పితే గానీ రాదు. దిండ్లతో, మా సూట్‌కేసులతో ఆ సందులన్నీ కట్టేశాం. బాత్‌రూంలో ట్రేలు పెట్టి, అక్కడే ఒక్కొక్కదాన్నీ వదిలాం. బంగారం తప్ప అన్నీ పోసుకున్నాయి.

నా టెన్షనంతా బంగారం గురించే అయింది. మర్నాడు ఖమ్మం, సూర్యాపేట మీదుగా సాయంత్రానికి ఫ్లాట్ చేరేదాకా చుక్క పోయలేదు. మగపిల్లికి మూత్రం బంద్ అయితే రోజు తిరక్కుండా ప్రాణం మీదికి వస్తుందని డాక్టర్‌గారు చెప్పింది గుర్తుంది. సామాను దించకుండానే దగ్గర్లోని క్లినిక్‌కి పరిగెత్తాం. పొట్ట నొక్కి చూసి, సంచి నిండుగా ఉంది గాని అడ్డు లేదు, భయంతో బిగబట్టాడు అన్నారు. అక్కడ బల్ల మీదే పోసేశాడు. ఆ తడి చూసి మావారు రెండు చేతులూ జోడించారు.

ఇల్లు మాత్రం అనుకున్నట్టు లేదు. మా అబ్బాయికి చెప్పాను గాని, పనిమనిషికి చెప్పడం మర్చిపోయాడు. గడపలోనే ఫినాయిల్ వాసన. రాత్రి తొమ్మిదింటికి వంగి ఒక గది నీళ్ళతో నాలుగుసార్లు తుడిచాను. నాలుగింటికీ ఆ ఒక్క గదే, నల్లోడికి వేరే చిన్న గది. పరీక్షల్లో ఏ జబ్బూ లేదని తేలినా తొందరపడడం లేదు. బాల్కనీకి వల కట్టేదాకా ఆ తలుపు తీసేది లేదు.

గౌరి మొదటి రోజే తిన్నది. సున్నం రెండో రోజు రాత్రి. నల్లోడు మంచం కింద గోడమూల నుంచి కదల్లేదు. మనం పడుకున్నాక వచ్చి తిని, ట్రే వాడి, మళ్ళీ అక్కడికే.

పర్లాకిమిడి_పశువైద్యుడు
జూన్ 9, ఉదయం 6:40

తింటున్నాడు, ట్రే వాడుతున్నాడు అంటే చాలమ్మా, బయటికి లాగకండి. ఏ పిల్లయినా పూర్తిగా ఒక రోజు దాటి తినకపోతే మాత్రం డాక్టర్‌కి చూపించండి. లావుగా ఉన్నవాటికి ఉపవాసంతో కాలేయం దెబ్బతింటుంది. నల్లోడి చెంపలు రుద్దిన గుడ్డ ఆ నాలుగింటి గదిలో, వాటి గుడ్డ వాడి గదిలో పెట్టండి. వాసనతో పరిచయమయ్యాకే ముఖాలు చూపించాలి. నాలుగు వారాలు ఎవరినీ గడప దాటనివ్వకండి.

గుణుపురం_మాస్టారు
జూన్ 9, రాత్రి 8:30

మొన్న రాయగడ వచ్చినప్పుడు మీ పాత క్వార్టర్ వైపు వెళ్ళాను. జామచెట్టు కింద మీరు పెట్టిన మట్టి మూకుడు అలాగే ఉంది. నల్లోణ్ణి ఇక్కడే వదిలేసి ఉంటే మీ కోసం వెతుక్కునేవాడు కదా అనిపించింది. తీసుకెళ్ళి మంచి పని చేశారమ్మా.

నాగావళి_గట్టు
జూన్ 14, ఉదయం 5:50

ఇప్పుడే చూశాను, అందుకే ఇంత పొద్దున్నే రాస్తున్నాను. పాలు కాస్తుంటే కాలికేదో తగిలింది. చిన్న గది తలుపు రాత్రి సరిగా పడలేదు. నల్లోడు వంటింటి గడప మీద కూర్చుని నా వైపు చూస్తున్నాడు. రాయగడలో జామచెట్టు కింద కూర్చున్నట్టే, ముందు కాళ్ళు రెండూ తోకతో చుట్టుకుని. నెత్తళ్ళు వేశాను. తిని, వాడే గదిలోకి వెళ్ళిపోయాడు.

బరంపురం_చిన్నోడు
జూన్ 14, ఉదయం 8:20

అక్కా, ఒకటి అడగనా? బెంగళూరు ప్రయాణానికి నాకు మూడు క్యారియర్లు కావాలి. కొత్తవి కొనడానికి ఈ నెల చేతిలో డబ్బు లేదు. మీవి అద్దెకి ఇస్తారా? మా బావ వచ్చే వారం హైదరాబాద్ నుంచి కారులో వస్తున్నాడు.

నాగావళి_గట్టు
జూన్ 14, ఉదయం 8:45

అద్దెకెందుకు తమ్ముడూ, తీసుకెళ్ళు. వాడకం అయ్యాక ఈ చర్చలో ఇంకెవరికి కావాలంటే వాళ్ళకి పంపు. సబ్బునీళ్ళతో కడిగి ఎండబెట్టాను. మీ పిల్లులు లోపల పరాయి వాసన పట్టకుండా ఇంకోసారి కడుక్కో. జిప్ టైలు కూడా ఒక కట్ట మిగిలింది, వేస్తాను.

నాలుగు క్యారియర్లు ఉన్నాయి. నల్లోడిది మాత్రం ఇవ్వలేను. వాడు ఇప్పుడు దాంట్లోనే పడుకున్నాడు.